అట్టపెట్టెలోని రైలుపెట్టెలు



మీ ఇంట్లో అటకమీదనో మంచం కిందనో ఒక పాత అట్టపెట్టె ఉండే ఉంటుంది. చక్రం ఊడిన కారు, చెయ్యి విరిగిన బొమ్మ, మూత పోయిన డబ్బా, ఇటువంటివన్నీ అందులో చేరి ఉంటాయి. "ఎందుకర్రా ఈ చెత్త?" అని అమ్మ ప్రతి పండగకూ అంటూనే ఉంటుంది. ఈసారి అమ్మ ఆ పెట్టెను వీధిలో పెట్టకముందే నా అట్టపెట్టె సంగతి మీకు చెపుతాను. వినండి.

నేను ఇంగ్లండులో డార్బీ అనే ఊళ్ళో ఉంటున్నాను. అసలు మాది సికిందరాబాదు. అక్కడ లాలాగూడలో రైలుపెట్టెలు బాగుచేసే కార్ఖానా ఉన్నది. అది నిజాం కాలంలో, 1893లో వెలసింది. మా నాన్న అందులో వడ్రంగి. ఆ రోజుల్లో కొయ్యపెట్టెలు చాలా ఉండేవి. పాత పెట్టె ఏదైనా మరమ్మతుకు వస్తే నాన్న వెంటనే ఉలి పట్టేవాడు కాదు. ముందు దానిచుట్టూ ఒకసారి తిరిగేవాడు. వేలి కణుపులతో తట్టి చూసేవాడు. రంగు పెచ్చు లేచినచోట గోటితో గీకి, కింద ఇంకా ఎన్ని రంగులున్నవో లెక్కపెట్టేవాడు. "పెట్టెకు నోరు లేదురా. కాని అడగటం వచ్చినవాడికి అన్నీ చెపుతుంది," అనేవాడు.

ఆ మాట విలువ నాకు డెబ్బయ్యో ఏట గాని తెలిసిరాలేదు. అది తెలియటానికి నేను ఒక పెట్టెను పాడుచెయ్యవలసి వచ్చింది.

డార్బీ రైళ్ళ ఊరు. ఇక్కడ నూట యాభై ఏళ్ళ కిందటే రైలుపెట్టెలు కట్టారు. ఈనాటికీ కడుతూనే ఉన్నారు. ఇటువంటి ఊళ్ళో బొమ్మరైళ్ళ సరదా ఉన్నవాళ్ళకు లోటేమిటి? ఊరి మందిరాల్లో అప్పుడప్పుడూ ఆదివారంనాడు పాత బొమ్మల సంత జరుగుతుంది. అక్కడ బల్లలమీద ఇంజన్లు, పట్టాలు, స్టేషన్లు అన్నీ అమ్ముతారు. బల్లల కింద మాత్రం వేరే సరుకు ఉంటుంది. అవి డొల్లలు.

డొల్లలంటే ఏమిటో చెప్పాలి గదా. మనం రైలుపెట్టెను మొత్తంగా బోగీ అంటాము. నిజానికి బోగీ అంటే పెట్టె కింద, ఈ చివర ఒకటీ ఆ చివర ఒకటీ ఉండే చిన్న చక్రాల బండి. ఆ బండ్లూ, వాటిని పట్టి ఉంచే అడుగుభాగమూ ఊడిపోగా మిగిలిన పై భాగమే డొల్ల. దానికి గోడలూ, కిటికీలూ, పైకప్పూ ఉంటాయి. చాలామంది చక్రాలు వేరే పనికి తీసుకొని, డొల్లను ఇలా అమ్మేస్తారు. కంపెనీ పేరు సాధారణంగా అడుగుభాగంమీద వేస్తారు. అందుచేత డొల్ల అంటే పేరు పోగొట్టుకొన్న పెట్టె అన్నమాట.

కిందటేడు నేను అటువంటి డొల్ల ఒకటి కొన్నాను. దానికి ఎవరో కుంచెతో మందంగా పచ్చరంగు పూసి ఉన్నారు. రంగు తీసేస్తే కిందనుంచి అసలు పెట్టె బయటపడుతుందనుకొన్నాను. గోళ్ళరంగు తుడిచే ద్రవం ఇంట్లో ఉన్నది. అందులో ఉండేది ఎసిటోన్. ఒక గిన్నెలో పోసి, డొల్లను అందులో ముంచి, హాయిగా నిద్రపోయాను. తెల్లవారి చూస్తే గిన్నెలో పెట్టె లేదు! పాకం చెడిన బెల్లంలాగా పచ్చటి ముద్ద ఒకటి ఉన్నది. రంగుతోబాటు ప్లాస్టిక్కునుకూడా ఎసిటోన్ కరిగించేసింది.

నాకు కష్టం కలిగించినది డబ్బు కాదు. అది ఏ పెట్టె? ఎవరు చేసినది? ఎప్పటిది? ఇవేవీ నేను దానిని అడగలేదు. ఇక ఎప్పుడూ అడగలేను. నాన్న ఉండి ఉంటే, "ముందు ఉలి పట్టావు గదరా," అనేవాడు.

ఆ మాట మనసులో పెట్టుకొనే ఈ ఏడు మళ్ళీ సంతకు వెళ్ళాను. ఈసారి నా వెంట మా అమ్మాయి కొడుకు వచ్చాడు. వాడికి పదేళ్ళు. ఒక బల్ల కింద చెప్పుల అట్టపెట్టెలో ఆరు డొల్లలు కనిపించాయి. ఎనిమిది పౌన్లకు ఆరూ ఇచ్చేశాడు ఆ ముసలాయన. బస్సులో వస్తూ దారిపొడుగునా మనుమడు ఒకటే మాట: "తాతా, ఆ ఎర్రది నాకు. దానికి నీలంరంగు వేస్తాను. వచ్చే ఆదివారానికి నా రైలుకు తగిలిస్తాను."

"వేద్దువుగాని, ముందు అది ఏమిటో అడుగుదాం," అన్నాను.

"ఎవరిని?"

"దాన్నే."

వాడు నన్ను చూసి నవ్వాడు. ఇంటికి వచ్చి బల్లమీద పాత పత్రిక పరిచి, ఆరు డొల్లలూ వరసగా పెట్టాము. మా దగ్గర ఉన్న పనిముట్లు ఏమిటంటే, మిల్లీమీటర్లు గల బద్ద ఒకటి, అయస్కాంతం ఒకటి, చేతిదీపం ఒకటి, భూతద్దం ఒకటి. వీటిలో కొనవలసినది ఏదీ లేదు, చూశారా!

మొదట అయస్కాంతంతో అడిగాము. ఒక డొల్లకు అది టక్కున అతుక్కొన్నది. అంటే అది రేకు. దానిమీద టేకు చెక్క చారలు అచ్చువేసి ఉన్నాయి. ఇంగ్లండులో 1923లో రైలు కంపెనీలు చాలావరకు కలిసి నాలుగు పెద్ద కంపెనీలైనవి. వాటిలో ఎల్.ఎన్.ఇ.ఆర్. అనేదానికి గ్రెస్లీ అనే ప్రసిద్ధ ఇంజనీరు ఉండేవాడు. ఆయన పెట్టెలు మెరుగు పెట్టిన టేకువి. రంగు వెయ్యకుండా చెక్క అందమే కనపడనిచ్చేవారు. ఆ అందాన్ని రేకుమీద అచ్చువేసినది లివర్‌పూల్‌లోని మెకానో కంపెనీ. మరలతో బిగించి వంతెనలూ బండ్లూ కట్టే మెకానో ఆట ఉన్నది గదా, దానికి 1901లో హక్కు పొందిన ఫ్రాంక్ హార్న్‌బీ స్థాపించిన కంపెనీయే అది. 1938లో ఆ కంపెనీ "హార్న్‌బీ డబ్లో" అనే పేరుతో చిన్న కొలత రైళ్ళు మొదలుపెట్టింది. మొదటి డొల్ల ఆ జాతిది.

రెండో డొల్ల చేతికి చల్లగా తగిలింది. లోహమే, కాని అయస్కాంతం అంటుకోలేదు. బహు తేలిక. అది అల్యూమినియం. బ్రాడ్‌ఫర్డు అనే ఊళ్ళో ఎక్స్‌లీ అనే కంపెనీవారు అల్యూమినియం రేకును వంచి ఇటువంటి పెట్టెలు చేసేవారు. అవి ఆ రోజుల్లో ఖరీదైన సరుకు.

మూడోది ప్లాస్టిక్. బల్లమీద పెడితే మధ్యభాగం లేచి, అరటిపండులాగా వంగి ఉన్నది. "ఎవరో ఎండలో పెట్టారు కాబోలు," అన్నాడు మనుమడు.

"వాసన చూడు," అన్నాను.

వాడు ముక్కు ముడిచాడు. "వినిగర్!"

అదే దాని చిరునామా. 1950 ప్రాంతంలో ఇంగ్లండులో రోవెక్స్ అనే కంపెనీవారు ప్లాస్టిక్ రైళ్ళు చేశారు. 1951లో లైన్స్ బ్రదర్స్ అనే పెద్ద బొమ్మల కంపెనీ దానిని కొని, రైళ్ళకు "ట్రయాంగ్" అని పేరు పెట్టింది. ఆ తొలిరోజుల పెట్టెలు సెల్యులోజ్ ఎసిటేట్ అనే ప్లాస్టిక్‌తో చేసినవి. అది ఏళ్ళు గడిచినకొద్దీ కుంచించుకొని వంగిపోతుంది. చెడిపోయేటప్పుడు అందులోనుంచి వినిగర్‌లో ఉండే ఆమ్లమే బయటికి వస్తుంది. పాత సినిమా ఫిలిముల డబ్బా తెరిస్తే వచ్చే వాసన కూడా ఇదే. తరువాత వచ్చిన పాలిస్టైరీన్ ప్లాస్టిక్ ఇలా వంగదు. కనక వంకర అనేది ఆ పెట్టెకు తప్పు కాదు, దాని వయస్సు.

నాలుగోదాని పైకప్పు మధ్యలో ఇంకొక చిన్న కప్పు ఎత్తుగా లేచి ఉన్నది. దాని పక్కలకు చిన్నచిన్న కిటికీలున్నాయి. విద్యుద్దీపాలు అంతగా లేని రోజుల్లో వెలుతురుకూ గాలికీ నిజమైన పెట్టెలను అలా కట్టేవారు. అటువంటి కప్పు చూస్తే, ఆ బొమ్మ ఎప్పుడు చేసినదైనా సరే, అది చూపించే పెట్టె మాత్రం బాగా పాతకాలపుది అని చెప్పవచ్చును. బొమ్మ వయస్సు వేరు, అది ఎవరి బొమ్మో వారి వయస్సు వేరు. ఈ రెండూ కలగాపులగం చెయ్యకూడదు.

అయిదోది చూడగానే మనుమడు భూతద్దం లాక్కొన్నాడు. గోడలు, కొసలు, కప్పు, అన్నీ విడివిడిగా చేసి జిగురుతో అతికినవి. ఒక మూల జిగురులో ఎవరిదో వేలిముద్ర ఉన్నది. "తాతా, ఇది నా వేలంతే ఉంది!" అన్నాడు వాడు. పొడుగు కొలిస్తే 258 మిల్లీమీటర్లు వచ్చింది.

ఇక్కడ కొంచెం లెక్క చెప్పాలి. భయపడకండి, ఒక్క గుణకారమే. ఇంగ్లండులో ఎక్కువ బొమ్మరైళ్ళు నిజమైన రైలులో ఒక అడుగుకు 4 మిల్లీమీటర్ల చొప్పున చేస్తారు. దానిని డబుల్ ఓ అంటారు. కనక బొమ్మ పొడుగును 4 చేత భాగిస్తే అసలు పెట్టె ఎన్ని అడుగులో తెలుస్తుంది. 258ని భాగించండి. 64½ అడుగులు! 1948లో ఇంగ్లండు రైళ్ళన్నీ ప్రభుత్వపరమైన తరువాత, 1951 నుంచి దేశమంతటికీ ఒకే తీరున కట్టిన పెట్టెలున్నాయి. వాటిని "మార్క్ వన్" అంటారు. వాటిలో పెద్దవాటి పొడుగు 64 అడుగుల 6 అంగుళాలు. మా డార్బీలోకూడా అవి ఎన్నో తయారైనవి. వాటి బొమ్మలను పిల్లలు స్వయంగా అతుక్కొనేటట్లు విడిభాగాలుగా అమ్మినది "కిట్‌మాస్టర్". 1959లో ఆ రైళ్ళు మొదలుపెట్టినవారు ఎవరనుకొన్నారు? రోజ్‌బడ్ అనే ఆడపిల్లల బొమ్మల కంపెనీవారు!

ఇలా అయిదు పెట్టెలూ నోరు విప్పాయి. ఇక ఆరోది, మనుమడు నీలంరంగు వేస్తానన్న ఎర్రది, మిగిలింది.

అది ప్లాస్టిక్. వంకర లేదు, వాసన లేదు, పేరు లేదు. ఎవరో కుంచెతో ముదురు ఎరుపు రంగు పూశారు. మనుమడు బద్ద పెట్టి, "226," అన్నాడు. 4 చేత భాగిస్తే 56½ అడుగులు వచ్చింది. వాడు పుస్తకం తిరగవేసి ఎగిరి గంతేశాడు. నేను చెప్పిన నాలుగు పెద్ద కంపెనీలలో ఎల్.ఎమ్.ఎస్. అనేది ఒకటి. దాని పెట్టెలు చాలావరకు 57 అడుగులవి. వాటి రంగుకూడా ముదురు ఎరుపే. 57ని 4తో గుణిస్తే 228. రెండు మిల్లీమీటర్లేగా తేడా!

"పొడుగు సరిపోయింది, రంగు సరిపోయింది. ఎల్.ఎమ్.ఎస్. పెట్టే! ఇక రంగు తీసేద్దామా?" అన్నాడు.

నిజం చెప్పవద్దూ, నాకూ అలాగే తోచింది. ఈసారి ఎసిటోన్ కాదు, ప్లాస్టిక్కుకు హాని చెయ్యని ద్రవమే తెచ్చి ఉంచాను. సీసా మూతకూడా తీశాను. కాని కిటికీలను చూస్తే ఏదో తేడాగా ఉన్నది. వాటి తీరు అంతకుముందు మేము చూసిన కిట్‌మాస్టర్ పెట్టె కిటికీల తీరే. పొడుగు చూస్తే ఎల్.ఎమ్.ఎస్., ముఖం చూస్తే మార్క్ వన్. రెండు సాక్ష్యాలు ఒకదానికొకటి పొసగలేదు. అటువంటప్పుడు మూడో సాక్షిని పిలవాలి.

"వెడల్పు ఎంతో చూడరా," అన్నాను.

పొడుగును ఎవరైనా కత్తిరించి తగ్గించవచ్చును. వెడల్పును తగ్గించటం అంత తేలిక కాదు. ఎల్.ఎమ్.ఎస్. పెట్టె అయినా, మార్క్ వన్ అయినా, వెడల్పు ఇంచుమించు 9 అడుగులు. 4 చొప్పున 36 మిల్లీమీటర్లు ఉండాలి. వాడు ఒకటికి రెండుసార్లు కొలిచాడు. "32 కూడా లేదు తాతా. పెట్టె సన్నబడిపోయింది!"

అప్పుడు వాడికే ఒక ఉపాయం తట్టింది. వాడి స్టేషనులో నిలబడే చిన్న ప్రయాణికుడి బొమ్మ ఒకటి తెచ్చాడు. దానిని కిట్‌మాస్టర్ పెట్టె తలుపు పక్కన నిలబెడితే, పాపం, దర్జాగా ఎక్కేటట్లే ఉన్నాడు. ఎర్రపెట్టె తలుపు పక్కన నిలబెడితే మాత్రం తల వంచితే గాని లోపలికి పోలేడు. పెట్టెలో తప్పు లేదు. మేము కొలిచిన లెక్కలోనే తప్పున్నది!

సంగతి ఏమిటంటే, బొమ్మరైళ్ళకు ఇంకొక లెక్క ఉన్నది. యూరపులోనూ అమెరికాలోనూ ఎక్కువగా వాడేది అదే. ఇంగ్లండులో ఓ అనే పెద్ద కొలత ఒకటి ఉండేది. అందులో అడుగుకు 7 మిల్లీమీటర్లు. అందులో సగం 3½. కనక ఆ లెక్కను హాఫ్ ఓ అంటారు. పొట్టిగా హెచ్.ఓ. అంటే అదే. విచిత్రమేమంటే హెచ్.ఓ. రైలుకూ డబుల్ ఓ రైలుకూ పట్టాలు ఒకటే. రెంటికీ పట్టాల మధ్య దూరం 16½ మిల్లీమీటర్లు. మరి రెండు లెక్కలెందుకు? ఇంగ్లండులో నిజమైన ఇంజన్లు యూరపు ఇంజన్లకంటె చిన్నవి. వాటిని 3½ లెక్కన చేస్తే ఆనాటి మోటార్లు లోపల పట్టేవి కావు. అందుచేత ఇక్కడివారు పట్టాలు అలాగే ఉంచి, పైన ఉండే ఇంజన్లనూ పెట్టెలనూ మాత్రం 4 లెక్కకు పెంచారు.

ఇప్పుడు మళ్ళీ గుణించండి. 64½ అడుగులను 3½తో గుణిస్తే ఎంత? 225¾. మనకు వచ్చినది 226! తొమ్మిది అడుగులను 3½తో గుణిస్తే 31½. అదీ సరిపోయింది. మరి ఎరుపు? 1956 నుంచి బ్రిటిష్ రైల్వేవారు మార్క్ వన్ పెట్టెలకు కూడా అటువంటి ముదురు ఎరుపే వేశారు. తరువాత 1965లో నీలమూ బూడిదరంగూ వచ్చాయి. రంగు చెప్పినది అబద్ధం కాదు, మేము విన్నది తప్పు.

"అయితే ఇది పొట్టి ఎల్.ఎమ్.ఎస్. కాదు. చిన్న లెక్కలో చేసిన పొడుగు మార్క్ వన్," అన్నాడు వాడు మెల్లిగా.

ఇంకొక్క సంగతి మిగిలింది. లోపల చూడలేదు. డొల్లను తిరగవేసి చేతిదీపం వెలిగించాము. కంపెనీవారు వెయ్యని అడ్డగోడలు లోపల ఉన్నాయి. ఎవరో అట్టముక్కలు కత్తిరించి, ప్రయాణికుల గదులుగా వరసగా అతికించారు. ఒక అట్టముక్కమీద అచ్చు అక్షరాలున్నాయి. 12 పెన్నీలు ఒక షిల్లింగు, 20 షిల్లింగులు ఒక పౌను, ఇలా ఎక్కం. ఇక్కడ బడిపిల్లల నోటుపుస్తకాల వెనక అట్టమీద ఇటువంటి ఎక్కాలు అచ్చువేసేవారు. మన దేశంలో 1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చి అణాల లెక్క పోయినట్లే, ఇంగ్లండులో 1971 ఫిబ్రవరి 15న షిల్లింగుల లెక్క పోయింది. కాబట్టి ఆ పుస్తకం అంతకు ముందుది.

ఆ పక్క అట్టముక్కమీద పెన్సిలుతో ఏదో రాసి ఉన్నది. మనుమడు భూతద్దం పెట్టి చదివాడు. చదువుతూ చదువుతూ ఆగిపోయాడు. దీపం నాకు ఇచ్చి, "తాతా, నువ్వు చూడు," అన్నాడు.

64½ × 4 = 258 అని రాసి, దానిని అడ్డంగా కొట్టేసి ఉన్నది. దానికింద 64½ × 3½ అని ఉన్నది. జవాబు మొదట తప్పు వచ్చింది. దానినీ కొట్టేసి, మూడోసారి 225¾ అని రాసి, కింద రెండు గీతలు గీసి ఉన్నది.

ఎంతోకాలం కిందట ఎవరో ఈ పెట్టెనే చేతిలో పట్టుకొని, మాలాగానే కొలిచి, మాలాగానే ముందు తప్పులో పడి, చివరకు సరి అయిన చోటికి వచ్చారు. వాళ్ళకూ మాలాగానే సంతోషం కలిగి ఉంటుంది. లేకపోతే రెండు గీతలెందుకు గీస్తారు?

నేను సీసా వంక చూశాను. దాని మూత ఇంకా తీసే ఉన్నది. ఆ ద్రవంలో ముంచి ఉంటే ప్లాస్టిక్కుకు ఏమీ అయ్యేది కాదు. కాని అట్టముక్కలు నాని, ముద్ద అయి, ఆ పెన్సిలు గీతలు ఒక్క గంటలో మాసిపోయేవి. మేము చేసిన లెక్క మాకు మిగిలేది. వాళ్ళు చేసిన లెక్క ఎవరికీ మిగిలేది కాదు. నా పచ్చటి ముద్ద నాకు గుర్తుకు వచ్చింది. దానిలోపల ఏమున్నదో నేను చూడనేలేదు గదా!

మనుమడు వచ్చి సీసాకు మూత బిగించాడు. "నీలం వద్దులే తాతా," అన్నాడు.

కంపెనీ పేరుకూడా తేల్చాలని వాడికి పట్టుదల కలిగింది. ఈ చిన్న లెక్కలో ఇంగ్లండు రైళ్ళను 1960లలో "ప్లేక్రాఫ్ట్" అనే పేరుతో అమ్మారు. వాటిని చేసినది ఫ్రాన్సులోని జూఎఫ్ కంపెనీ. 1970లలో ఇటలీలోని లీమా కంపెనీకూడా చేసింది. "షిల్లింగుల పుస్తకం 1971కి ముందుది. కాబట్టి ప్లేక్రాఫ్టే!" అన్నాడు వాడు.

"పుస్తకం ముందుదే. కాని పాత పుస్తకాన్ని తరువాత కత్తిరించకూడదా?" అన్నాను.

వాడు ఆలోచించి, "కత్తిరించవచ్చు," అని ఒప్పుకొన్నాడు.

తరువాత వాడు ఒక చిన్న కాగితం తీసుకొని ఇలా రాశాడు. "మార్క్ వన్ పెట్టె. హెచ్.ఓ. లెక్క. పొడుగు 226, వెడల్పు 32కి లోపు. ఇది నిశ్చయం. కంపెనీ బహుశా ప్లేక్రాఫ్ట్. ఇది నిశ్చయం కాదు. లోపలి లెక్క మాకు ముందున్నవారు చేసినది. చెరపవద్దు." కింద తేదీ వేసి, కాగితం మడిచి, డొల్లలో ఒక ఖాళీ గదిలో ఉంచాడు. ఎన్నేళ్ళకైనా ఈ పెట్టె మళ్ళీ ఏ బల్ల కిందికో చేరుతుంది. అప్పుడు దానిని కొన్నవాళ్ళకు ఇద్దరు సాక్షులుంటారు.

పిల్లలూ, మీ అట్టపెట్టెలో ఇంగ్లండు రైలు ఉండకపోవచ్చును. ఏ బొమ్మ ఉంటే దానినే అడగండి. అయస్కాంతం అంటుకొంటుందా? వాసన ఏమిటి? వంగినదా, విరిగినదా? పొడుగెంత, వెడల్పెంత? అసలు వస్తువు కొలత తెలిస్తే, బొమ్మ ఏ లెక్కలో చేశారో మీరే తేల్చవచ్చును. అడుగున పేరున్నదా? లోపల ఎవరైనా ఏమైనా రాశారా? రంగు కింద ఇంకొక రంగున్నదా? ఇవన్నీ అడిగినాకనే కడగటం, గీకటం, రంగు వెయ్యటం. ఎసిటోన్ జోలికి మాత్రం పోకండి. పాత రంగుల్లో సీసం ఉండవచ్చును గనక బొమ్మను ముట్టుకొన్నాక చేతులు సబ్బుతో కడుక్కోండి.

ఒక లెక్క మీకే వదిలిపెడుతున్నాను. మన దేశంలో పెరంబూరు కార్ఖానా 1955లో మొదలైంది. అక్కడ పుట్టిన ఐ.సి.ఎఫ్. రకం పెట్టెలు 2018 దాకా తయారైనవి. ఆ పెట్టె ఇంచుమించు 70 అడుగుల పొడుగు, 10 అడుగుల 8 అంగుళాల వెడల్పు. దానిని 4 లెక్కన బొమ్మ చేస్తే ఎంత పొడుగు, ఎంత వెడల్పు వస్తుంది? ఇంగ్లండు పెట్టె పక్కన పెడితే ఎలా ఉంటుంది? మా మనుమడు ఈ లెక్క చేసి, అట్టతో ఆ పెట్టెను కట్టటం మొదలుపెట్టాడు. లాలాగూడలో వాళ్ళ ముత్తాత బాగుచేసినవి ఇంతకంటె పాతవనీ, కొయ్యవనీ చెప్పాను. "అయితే దీని తరువాత కొయ్యది కడదాం," అన్నాడు.

అట్టకు లోపలివైపు వాడు పెన్సిలుతో గుణకారం చేసి ఉంచాడు. మొదటి జవాబు తప్పు వచ్చింది. రబ్బరు తీసుకోబోయి, ఆగి, అడ్డంగా ఒక గీత కొట్టి, కింద సరి అయినది రాసుకొన్నాడు.